నాటికలో మన మాట: సిక్కోలు, విజయనగరం సీమల అనుభవం

కొన్నేళ్ల కిందట ఒక ఆశ్రమ పాఠశాల వార్షికోత్సవంలో మా పిల్లలు ఒక చిన్న నాటిక వేశారు. పదిహేను నిమిషాలకు మించదు. అందులో ఒక సంత, ఒక షావుకారు, ఒక సవర ముసలమ్మ, ఆమె మనవడు. ముసలమ్మ చింతపండు అమ్మడానికి వస్తుంది. "ఇంటికాడ తూసినప్పుడు ఐదు కేజీలున్న సింతపండు, సంతకొచ్చేసరికి మూడు కేజీలెలగయ్యింది బాబూ?" అని అడుగుతుంది. "దారిలో ఎండకి ఎండిపోనాదే అప్పా" అంటాడు షావుకారు. అప్పుడు మనవడు అడుగుతాడు: "మరి నీకాడ కొన్న ఉప్పు కూడా మా ఇంటికెళ్లేసరికి ఎండిపోతంది, ఎందుకు బాబూ?"

చూడ్డానికి వచ్చిన తల్లిదండ్రులు మొదట పగలబడి నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. వెనక వరసలో కూర్చున్న ఒకామె లేచి, "మాకూ ఆ మాటే సెప్పినారు" అంది గట్టిగా. నటిస్తున్న పిల్లలు ఒక్క క్షణం తడబడి, మళ్లీ అందుకున్నారు. చివర్లో మాట్లాడిన అతిథి ఒకరు పిల్లల్ని మెచ్చుకుంటూ, "భావం బాగుంది. కాస్త మంచి తెలుగులో రాయించి ఉంటే ఇంకా బాగుండేది" అన్నారు. ఆ మాటకు రాసిన పిల్లవాడి తల వంగిపోయింది. వాడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు.

ఆయన మంచివారే, చెడు ఉద్దేశంతో అన్న మాట కాదు. కాని ఆ ఒక్క మాటతో వాడు మళ్లీ కలం పట్టకపోయే ప్రమాదం ఉంది. వేదిక మీద మంచి తెలుగు అంటే ఏది? ఎవరి మాట వేదిక ఎక్కవచ్చు, ఎవరి మాట ఎక్కకూడదు? ఈ ప్రశ్నలకు మన శ్రీకాకుళం, విజయనగరం సీమల చరిత్ర ఎప్పుడో జవాబు చెప్పింది. ఆ జవాబును మన యువతీ యువకులకూ, టీచర్ మిత్రులకూ గుర్తు చేయడమే ఈ వ్యాసం పని.

వేదిక లేని నాటకం

నాటకం మనకు పల్లం నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. తెర, మైకు, రంగులు అలా వచ్చి ఉండవచ్చు. ఒకరు మరొకరిగా మారి మాట్లాడడం మాత్రం మన కొండల్లో ఎప్పటినుంచో ఉంది. సవరల్లో చనిపోయిన వారితో మాట్లాడే సంప్రదాయం గురించి పీర్స్ విటెబ్‌స్కీ అనే మానవ శాస్త్రవేత్త ఒడిశా సవర ఊళ్లలో ఏళ్ల తరబడి ఉండి, 1993లో ఒక పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. పూనకంలో ఉన్న కురాన్ నోట చనిపోయినవారు ఒకరి తర్వాత ఒకరు వస్తారు. తాము ఎలా పోయారో చెబుతారు. చుట్టూ కూర్చున్న బంధువులు వాళ్లతో వాదిస్తారు, ఏడుస్తారు, నిష్ఠూరమాడతారు, ఒక్కోసారి నవ్వుకుంటారు కూడా. ఒక చావు గురించి అలా ఏళ్ల తరబడి మాట్లాడుకుంటారు.

అది నాటకం కాదు, నమ్మకం. వేడుక కోసం చేసేది కాదు. ఈ తేడాను మనం చెరిపేయకూడదు. కాని ఒక్క మనిషి గొంతు మార్చి తాతగా, తల్లిగా, పసిబిడ్డగా మాట్లాడడం, వినేవాళ్లు ఊరికే కూర్చోకుండా ఎదురు ప్రశ్న వేయడం గమనించండి. నగరాల్లో కొత్త నాటక ప్రయోగాలు చేసేవారు ప్రేక్షకుణ్ణి నాటకంలోకి లాగడానికి నానా తంటాలు పడుతున్నారు. మన పెద్దలకు అది అలవాటైన పని. మా నాటికలో వెనక వరస నుంచి లేచిన ఆమె ఎవరి దగ్గరా నేర్చుకుని లేవలేదు.

థింసా కూడా అంతే. డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ముల మోతకు ఊరంతా ఒకరి నడుము ఒకరు చుట్టి కదులుతుంది. అందులో ఆడేవాళ్లు, చూసేవాళ్లు అని రెండు జట్లు ఉండవు. దాన్ని తెచ్చి సభ ముందు పది నిమిషాల అంశంగా ఆడించినప్పుడే ఆ రెండు జట్లు పుట్టాయి.

1892లో విజయనగరం చెప్పిన జవాబు

ఇక పల్లపు నాటకానికి వద్దాం. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. దాన్ని బాగా మార్చి, పెంచి 1909లో మళ్లీ అచ్చు వేశారు. అప్పటిదాకా నాటకమంటే గ్రాంథికం, పద్యం. గురజాడ తన నాటకాన్ని వీధిలో, ఇంట్లో, అంగట్లో వినబడే మాటల్లో రాశాడు. అది కూడా అందరికీ ఒకే మాట కాదు. గిరీశం మాట ఒకటి, రామప్పంతులు మాట ఒకటి, మధురవాణి మాట ఇంకొకటి. బంట్రోతు మాట్లాడితే బంట్రోతే మాట్లాడతాడు. వాడుక మాటలో రాయడాన్ని మొదటి కూర్పు పీఠికలోనే ఆయన గట్టిగా సమర్థించుకున్నాడు. వేదిక మీద మంచి తెలుగంటే ఆ పాత్ర నిజంగా మాట్లాడే తెలుగే అని నూట ముప్పై ఏళ్ల కిందట ఈ గడ్డ మీదే తేలిపోయింది.

ఆ పీఠికలో మనం నేర్చుకోవలసిన సంగతి మరొకటి ఉంది. పసిపిల్లల్ని డబ్బు తీసుకుని ముసలివారికి కట్టబెట్టే దురాచారం గురించి రాసేముందు దాని లెక్క ఆయన ఎదుట ఉంది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన అలాంటి పెళ్లిళ్ల జాబితా రాయిస్తే అవి 1034 అని తేలాయి. అంత నవ్వించే నాటకం కింద అంత బరువైన లెక్క ఉంది. కోపం ఉన్నంత మాత్రాన నాటిక రాదు. ఎంతమందికి జరిగింది, ఎలా జరిగింది, ఎవరు లాభపడ్డారు అన్నది ముందు తెలియాలి.

మన పిల్లలు ఇక్కడ ఒక సందేహం అడుగుతారు. "మనలోనూ పిల్లవాడి వైపువాళ్లు ఓలి ఇస్తారు కదా, అది కన్యాశుల్కం కాదా?" అని. మంచి సందేహమే. పసిపిల్లను ముసలివాడికి అమ్మడం వేరు, ఎదిగిన పిల్లా పిల్లాడూ ఇష్టపడ్డాక, ఇంటి పనిలో ఒక చెయ్యి తగ్గుతున్న పుట్టింటికి గౌరవంగా ఓలి ఇవ్వడం వేరు. అలాగని మన ఓలిలో ఏ ఇబ్బందీ లేదనీ, ఇప్పుడు పల్లపు కట్నం మన గూడేల్లోకి రావడం లేదనీ అనలేం. గురజాడ తన వాళ్ల తప్పును తన వాళ్ల మాటలోనే చూపించాడు. ఆ ధైర్యం మనకూ కావాలి. ఇది కొత్త నాటికకు పనికొచ్చే విషయం.

సవర నేర్చుకున్న పంతులు

గురజాడ స్నేహితుడు గిడుగు వెంకట రామమూర్తి 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. ఆయన్ను వాడుక భాషా ఉద్యమ నాయకుడిగా పాఠ్య పుస్తకాలు చెబుతాయి, ఆగస్టు 29న పుట్టినరోజూ జరుపుతారు. కాని ఆయన సవర మాట్లాడే మనిషిని ఇంట్లో ఉంచుకుని సవర నేర్చుకున్నారనీ, సవర పిల్లల కోసం బడులు పెట్టారనీ, 1931లో సవర భాషా వ్యాకరణ గ్రంథం అచ్చయిందనీ మన బడుల్లో ఎంతమంది చెబుతున్నారు? ఈ రెండు పనులూ వేరు వేరు కావు. మనిషి నోట ఉన్న మాటకు విలువ ఉందని నమ్మినవాడు తెలుగు కూలివాడి మాటనూ గౌరవిస్తాడు, సవర మాటనూ గౌరవిస్తాడు. 1936లో మంగయి గొమాంగో సవరకు సొంత లిపి 'సోరా సొంపెంగ్' తయారు చేశారు. 2004 ప్రాంతంలో ప్రభుత్వమే సవర, కువి, కొండ భాషల్లో ప్రాథమిక తరగతుల పుస్తకాలు తెచ్చింది. అక్షరం వచ్చింది, పుస్తకం వచ్చింది. నాటిక ఇంకా తగినంత రాలేదు.

జముకు మోగిన కాలం

1943లో బొంబాయిలో ఇప్టా ఏర్పడింది. ఆ ఊపులోనే ఆంధ్రలో ప్రజానాట్యమండలి ఊరూరా తిరిగింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన 'మా భూమి' నాటకం తెలంగాణ రైతుల పోరాటాన్ని కోస్తా ఊళ్లకు తీసుకువచ్చింది. ఎక్కడో జరుగుతున్న పోరాటం తమదే అని జనానికి తోచేలా చేయడం నాటకానికి సాధ్యమని అప్పుడు తెలిసింది. ప్రభుత్వం దాన్ని నిషేధించడమూ అందుకే.

మన సీమలో ఆ పని జముకు చేసింది. ఒక పక్క తోలు బిగించి, మధ్యలో తీగ లాగి మీటే ఆ వాద్యంతో మన పల్లెల్లో ఎన్నో తరాలుగా కథలు చెప్పుకుంటున్నారు. బొడ్డపాడుకు చెందిన సుబ్బారావు పాణిగ్రాహి ఆ జముకుల కథను తీసుకుని భూమి సంగతి, షావుకారు అప్పు సంగతి, అటవీ ఉద్యోగి మామూళ్ల సంగతి చెప్పాడు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళుతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర జరిగిన కాల్పుల్లో కోరన్న, మంగన్న ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత ఉద్యమం ఎటు నడిచిందో మీ పెద్దలు చెప్పగలరు. 1969 డిసెంబరులో పాణిగ్రాహిని కాల్చి చంపారు. ఆ మరుసటి సంవత్సరమే గిరిజన భూముల బదిలీని కట్టడి చేసే 1/70 చట్టం వచ్చింది.

ఆ దారి సరైనదా కాదా అన్న వాదన ఇక్కడ నా పని కాదు. నా మాట ఒక్కటే. ఆ ఉద్యమం గురించి పాటలు, కథలు, నవలలు చాలా వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం మన కోసం బాధపడిన మైదానపు రచయితలవి. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం. కాని కోరన్న ఇంట్లో ఆ రాత్రి ఏం జరిగి ఉంటుందో, ఆ ఇంటి ఆడవాళ్లు ఏ భాషలో ఏడ్చారో మనవాళ్లు రాస్తే వచ్చే నాటిక వేరుగా ఉంటుంది.

పరిషత్తుల నాటిక

1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడిన తర్వాత పోటీ నాటకాల పద్ధతి పెరిగింది. రాత్రంతా సాగే పద్యనాటకం పక్కన గంటలోపు ముగిసే సాంఘిక నాటిక నిలబడింది. నాలుగైదు పాత్రలు, ఒకే ఇల్లు లేక ఒకే వీధి, ఒకే సమస్య. తక్కువ ఖర్చుతో ఉద్యోగులు, విద్యార్థులు వేసుకోగల రూపం అది. 1963లో ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం మొదలయ్యాక రేడియో నాటిక మన ఊళ్లకూ చేరింది.

ఈ కాలంలో మన పార్వతీపురం ప్రాంతం నుంచి వచ్చిన పెద్ద నాటక రచయిత గణేశ్ పాత్రో. 'పావలా', 'అసుర సంధ్య', 'తరంగాలు', 'కొడుకు పుట్టాల' ఆయన రాసినవే. చివరి పేరును ఒకసారి పైకి చదవండి. 'పుట్టాలి' కాదు, 'పుట్టాల'. మన ప్రాంతపు నోటి మాట పేరులోనే కూర్చుంది. ఆ పేరుతోనే అది తెలుగు నాడంతా తిరిగింది. 'మంచి తెలుగులోకి' మార్చమని ఎవరూ అడగలేదు. తర్వాత ఆయన సినిమాలకు వెళ్లి 'మరో చరిత్ర' మొదలుకొని 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు' దాకా మాటలు రాశారు. 2015 జనవరిలో చనిపోయారు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన దీర్ఘాసి విజయభాస్కర్ 'కుర్చీ' వంటి నాటకాలతో ఆ వరసను ఈ కాలం దాకా తెచ్చారు. 1998లో మొదలైన నంది నాటకోత్సవాలు కొత్త నాటికలకు పెద్ద వేదిక అయ్యాయి.

పరిషత్తుల వల్ల మేలు జరిగింది, దానితోపాటు ఒక మూస కూడా తయారైంది. చివరి ఐదు నిమిషాల్లో గట్టి ఏడుపు, ఒక పొడుగు ఉపన్యాసం, చప్పట్లు. ఆ మూసలో గిరిజన పాత్ర వస్తే రెండు రకాలే. ఒకటి, తలపాగా కట్టుకుని వచ్చీరాని తెలుగులో నవ్వించేవాడు. రెండు, "దొరా, మమ్మల్ని కాపాడండి" అని కాళ్ల మీద పడేవాడు. మొదటివాడికి బుర్ర లేదు, రెండోవాడికి వెన్నెముక లేదు. మన గూడేల్లో నేను ఆ ఇద్దరినీ ఎన్నడూ చూడలేదు.

వేరే చోట ఏం చేశారు

ఛత్తీస్‌గఢ్‌లో హబీబ్ తన్వీర్ పల్లె కళాకారులతో నాటకాలు వేశాడు. మొదట్లో వాళ్లచేత హిందీ పలికించాడు, ఇక్కడ నిలబడు, అక్కడ తిరుగు అని గీతలు గీశాడు. గొప్ప నటులు కాస్తా కొయ్యబొమ్మలైపోయారు. తప్పు వాళ్లది కాదు, తనదేనని ఆయనకు కొన్నేళ్లకు తెలిసింది. వాళ్ల ఛత్తీస్‌గఢీలో వాళ్లను వదిలేశాక 'చరణ్‌దాస్ చోర్' వంటి నాటకం పుట్టి దేశదేశాలు తిరిగింది. టీచర్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పిల్లవాడు వేదిక మీద బిగుసుకుపోతే వాడికి నటన రాదని అనకండి. ఏ భాషలో మాట్లాడిస్తున్నామో ముందు చూడండి.

రెండోది మనసును కోసే ఉదాహరణ. 1998 ఫిబ్రవరిలో పశ్చిమ బెంగాల్ పురూలియా జిల్లాలో బుధన్ శబర్ అనే ఖేడియా శబర యువకుడు పోలీసుల నిర్బంధంలో చనిపోయాడు. మహాశ్వేతాదేవి ఆ కేసును కలకత్తా హైకోర్టుకు తీసుకువెళ్లి పోరాడారు. ఎక్కడో గుజరాత్‌లోని అహ్మదాబాద్‌లో, 1871 నాటి చట్టంతో దొంగల జాతి అని ముద్ర పడిన ఛారా తెగ యువకులు ఆ వార్త విని అదే సంవత్సరం 'బుధన్' అనే చిన్న నాటిక వేశారు. దాని పేరుతోనే తమ బృందానికి బుధన్ థియేటర్ అని పేరు పెట్టుకున్నారు. సెట్టు లేదు, ఖరీదైన దీపాలు లేవు. తమను చూసి భయపడే ఊరి ముందుకే వెళ్లి నాటకమాడారు. ఎన్నడూ చూడని శబరుడి చావు తమ ఇంటి చావుగా వాళ్లకు కనబడింది. సవర అన్న పేరు విన్న మనకు అది ఇంకెంత దగ్గరగా తోచాలి?

కొత్త నాటికను ఎలా చూడాలి

ఇప్పుడు లఘు నాటికలు చాలా వస్తున్నాయి. బడుల్లో, కాలేజీల్లో, కూడళ్లలో వేస్తున్నారు. అన్నీ మంచివి కావు, అన్నీ చెడ్డవీ కావు. "బాగుంది", "బాగోలేదు" అని లేచిపోకుండా నాలుగు సంగతులు ఆలోచించుకుంటే చూడడం వస్తుంది. చూడడం వస్తే రాయడం దానంతట అదే వస్తుంది.

మొదట, నాటికలో ఎవరికి ఏం కావాలో చూడాలి. మా పిల్లల నాటికలో ముసలమ్మకు సరైన తూకం కావాలి. షావుకారుకు ఆ రెండు కేజీలు కావాలి. ఇద్దరి కోరికా ఒకే తక్కెడలో ఉంది, అందుకే కథ నడిచింది. 'గిరిజనుల అభివృద్ధి' అన్న అంశం మీద రాస్తే మాటలు వస్తాయి గాని నాటిక రాదు.

తర్వాత, ఎదుటివాడికి తెలివి ఇచ్చారా లేదా చూడాలి. షావుకారు ఉత్త రాక్షసుడైతే ప్రేక్షకుడికి పని లేదు. "ఎండిపోనాదే అప్పా" అని ప్రేమగా అబద్ధమాడే షావుకారే మనల్ని మోసం చేసినవాడు. వరస కలిపి పిలిచి మోసం చేశాడని చూపడంలోనే ఆ నాటిక బలం ఉంది.

మూడోది, వివరం. చింతపండు ఏ నెలలో సంతకు వస్తుంది, జీడిపిక్కలు ఎప్పుడు, అడ్డాకులు ఎలా కుడతారు, కందికొత్తల పండుగ కాకముందు ఏమి తినరు. ఇవి తప్పు రాస్తే మనవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. పట్నం రచయిత పొరపాటు చేస్తే సరిదిద్దవచ్చు. మనమే పొరపాటు చేస్తే మన సంగతి మనకే తెలియదని అర్థం.

చివరిది ముగింపు. కలెక్టరు వచ్చి సమస్య తీర్చేశాడా? అలాగైతే రచయిత కష్టపడలేదు. డోలీలో గర్భిణిని మోసుకొచ్చే నాటికలు ఈమధ్య కొన్ని చూశాను. దుఃఖం నిజమే, మన కొండల్లో ఇంకా జరుగుతున్నదే. కాని డోలీ మోసేవాళ్లు దారిలో ఏం మాట్లాడుకుంటారు? ఎవరు జోకు వేసి బరువు మరిపిస్తారు? రోడ్డు ఎందుకు రాలేదని ఎవరు ఎవరిని అడుగుతారు? ఆ మాటలు లేకపోతే మనం చూసేది డోలీని మాత్రమే, మనుషుల్ని కాదు.

ఇక మన పని

కథలో మన గొంతు ఇప్పటికే వినబడుతోంది. మల్లిపురం జగదీశ్ 'శిలకోల' వంటి పుస్తకాలు అందుకు సాక్ష్యం. నాటికలో ఆ పని ఇప్పుడు జరగాలి. విషయాలకు కరువు లేదు. 1/70 ఉన్నా చేతులు మారుతున్న భూమి, 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా కోసం తిరిగిన తిరుగుడు, హాస్టల్లో జ్వరం, సవర మాట్లాడినందుకు సిగ్గుపడే చెల్లి, కట్నం అడగడం నేర్చుకున్న అన్న. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం అని మన పేరుతో జిల్లా వచ్చింది. ఆ జిల్లా వేదికల మీద మన నాటిక కూడా ఉండాలి కదా.

టీచర్లకు ఒక మనవి. పిల్లలు ఆడిన ప్రతి నాటికనూ నోట్‌బుక్కులో రాయించి దాచండి. రాసిన పిల్లల పేర్లు, సంవత్సరం వేయండి. సవరలోనో కువిలోనో పలికిన మాటను తెలుగు లిపిలోనైనా అలాగే ఉంచండి, దిద్దకండి. అక్షరదోషాలు దిద్దండి, మాటను దిద్దకండి.

ఆ తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి ఆ రాత్రి భోజనాల దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని కన్యాశుల్కం సంగతి చెప్పాను. గురజాడ మాటను కూడా అప్పట్లో మంచి తెలుగు కాదన్నారని చెప్పాను. వాడు కొంచెంసేపు అన్నం కలుపుతూ ఊరుకుని, "అయితే సార్, వచ్చే ఏడు షావుకారు మాట కొంచెం పెంచుతాను. వాడికింకా అబద్ధాలొచ్చు" అన్నాడు.